మడిమ చూపులు

మొన్న కామారెడ్డిలో బస్సు దిగి మార్కెట్ వైపు నడుస్తుంటే ఒక మేడకు కట్టిన కొత్త బోర్డు కనిపించింది. ‘ఆపరేషన్ లేకుండానే మడిమ నొప్పి మాయం. షాక్‌వేవ్ థెరపీ కలదు.’ కింద బొమ్మలో ఎవరో తెల్లవాడు పరుగెత్తుతున్నాడు. అతని మడిమ వెనుక ఎర్రటి మంట గీశారు. అది చదివి నడిరోడ్డు మీద ఒక్కణ్ణే నవ్వాను. జామకాయల బండి దగ్గరున్న ఆవిడ నన్ను ఎగాదిగా చూసి బండిని కొంచెం అవతలికి జరుపుకుంది.

ఆవిడను తప్పు పట్టను. మన దగ్గర ముసలివాడు ఒంటరిగా నవ్వితే జనం తీసే అర్థం ఒక్కటే. ఆ అర్థం ఒక మనిషి ఇంటిమీదికి ఎలా వచ్చిందో నేను కళ్లారా చూశాను. ఆ మనిషి పోయిన ఎండాకాలం కన్నుమూశాడు. బతికుంటే తీసుకొచ్చి ఆ బోర్డు కింద నిలబెట్టేవాణ్ణి. "మాయం గాదు తమ్మీ, తగ్గుతది. తగ్గుడు వేరు, మాయమగుడు వేరు" అని దిద్దేవాడు. మాటల దగ్గర అంత పట్టింపు ఉన్న మనిషే ఒక్క మాటను సగం మింగి చిక్కుల్లో పడ్డాడు.

ఆయన పెళ్లిళ్లు కుదిర్చే మధ్యవర్తి. ఆ పక్క రాజంపేట నుంచి ఈ పక్క నాగిరెడ్డిపేట దాకా ఆయన కలిపిన జంటలు ఉన్నాయి. ఎల్లారెడ్డి బస్టాండు ఎదుట నాకు సైకిళ్ల దుకాణం ఉంది. ఆయన పొద్దున్నే వచ్చి, నేను ట్యూబులు ముంచి చూసే నీళ్ల తొట్టి పక్కన కూర్చునేవాడు. గొడుగు మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకునేవాడు. ఏ బస్సు ఎక్కుతున్నాడో చెప్పేవాడు కాదు. అడిగితే "బస్సు వచ్చినంక ఎరుకైతది" అనేవాడు. సంబంధం సంగతి బయటపడితే, చెడగొట్టేవాళ్లు తనకంటే ముందు బస్సెక్కుతారని ఆయన భయం. నాకంటే నాలుగైదేండ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన తమ్మీ అనేవాడు. నా పేరు ఆయనకు గుర్తుందో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

ఏ ఇంటికి వెళ్లినా ముందు మంచినీళ్లు అడిగేవాడు. దాహం ఉండి కాదు. నీళ్లు ఎవరు తెస్తారో చూడటానికి. అత్త కూర్చున్నచోటు నుంచే కోడల్ని కేకేస్తే ఒక లెక్క. కొడుకే లేచి తెస్తే మాత్రం ఆ ఇంట్లో పిల్లనివ్వొచ్చని తేల్చేసేవాడు. పెళ్లిచూపుల్లో అందరూ పిల్ల ముఖం చూస్తుంటే ఆయన కాళ్ల వైపు చూసేవాడు. ముఖానికి పౌడరు రాస్తారు గానీ మడిమలకు ఎవరూ రాయరట. పిల్లవాణ్ణి కూడా వదిలేవాడు కాదు. చెప్పులు విప్పించి మరీ చూసేవాడు. పొలం పనంతా నేనే చేస్తానని చెప్పుకున్న ఒకడి మడిమలు తమలపాకుల్లా ఉన్నాయని ఆ సంబంధాన్ని అక్కడే వదిలేసి వచ్చాడు. ఫోన్లలో ఫోటోలు పంపుకునే కాలం వచ్చాక కూడా ఆయన ఊరూరా నడిచే తిరిగాడు. "ఫోన్ల మనిషి కనవడ్తడు, ఇంటి వాసన రాదు" అనేవాడు.

కాదని చెప్పడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. ఎప్పుడూ వద్దు అనేవాడు కాదు. ఆడపిల్ల తండ్రి దగ్గరికి స్వయంగా వెళ్లి, తలపాగా తీసి చేతిలో పట్టుకుని, "ముహూర్తాలు కుదుర్తలెవ్వు, కొన్నొద్దులు ఆగుదాం" అనేవాడు. అవతలివాళ్లకు అర్థమైపోయేది. ఇదేం అబద్ధమని నేను కోప్పడితే నవ్వేవాడు. "ముఖం మీద ఒద్దంటె మనిషికి తగుల్తది. పంచాంగం మీద ఏస్తె పంచాంగానికేం నొప్పి?" మా చుట్టుపక్కల ఇప్పటికీ సంబంధం తప్పించుకునేవాళ్లు ఆ మాటనే వాడతారు. ఎవరు నేర్పారో చాలామందికి తెలియదు.

ఇంకొకటి ఉండేది. దానికి మాత్రం నేను ఆయనతో గట్టిగానే తగువుపడేవాణ్ణి. సంబంధం అడగడానికి పోయినచోట భూమి, తాగుడు, రోగాలు అన్నీ నోటితోనే అడిగేవాడు. చివరికి గొంతు ఆపేసి, చూపుడు వేలు చెవి పక్కన పెట్టి మెల్లగా తిప్పేవాడు. ఇంట్లో పిచ్చి ఉందా అని. నేను ఐదో తరగతి దాటలేదు గానీ గ్రంథాలయం బల్ల మీద పుస్తకాలన్నీ తిరగేసినవాణ్ణి. నాకు ఒళ్లు మండేది. షుగరుంటే చెప్పుకుంటారు, గుండెకు స్టెంటు వేస్తే పెళ్లి విందులో చొక్కా విప్పి చూపిస్తారు, మనసుకు జబ్బు వస్తే మాత్రం ఏడు తరాలకు మసి పూస్తారా అని అరిచేవాణ్ణి. "నేను అడుగకుంటె వాళ్లు అడుగుతరు తమ్మీ" అని గొడుగు తీసుకుని బస్సెక్కేవాడు.

అంత నడిచిన కాలు చివరికి మొరాయించింది. పిక్కను మడిమకు కట్టి ఉంచే లావుపాటి తాడులాంటిది ఉంటుంది కదా, మనం నరం అంటాం. అది వాచి, ముద్దకట్టింది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయాలంటే గోడ పట్టుకునేవాడు. ఇటుక కాచి, మీద జిల్లేడు ఆకులు పరిచి మడిమ ఆనించాడు. ఎవరెవరో ఇచ్చిన గోలీలు మింగాడు. ఏడాది దాటినా నొప్పి కదలలేదు. ఒకచోట పెద్ద ఆసుపత్రిలో కాలు పూర్తిగా ముట్టుకోకుండానే ఆపరేషన్ అన్నారు. నాకు మళ్లీ ఒళ్లు మండింది. మనిషి లోపలికి రాగానే కత్తి గుర్తొచ్చేవాళ్లను డాక్టర్లని ఎలా అనాలి? ఆయన్ని కామారెడ్డిలో ఇంకొక ఎముకల డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. అతను ఆ నరాన్ని వేళ్ల మధ్య పట్టి చూసి, ఇది తెగలేదు, అరిగి మందమైంది, కొయ్యడానికి ముందు చెయ్యాల్సినవి చాలా ఉన్నాయి అన్నాడు. పై అంతస్తులో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి పంపాడు. అక్కడ ఉంది షాక్‌వేవ్ మిషన్.

అదేం భయంకరంగా లేదు. చేతిలో పట్టుకునే పిస్తోలులాంటిది. ఆ అమ్మాయి మడిమకు చల్లటి జిగురు రాసి, దాని మూతిని నరం మీద ఆనించింది. టకటకమని మొదలైంది. ఆయన గొడుగును రెండు చేతులా పిసికాడు. "వడ్రంగి పిట్ట నా మడిమల గూడు తొలుస్తున్నది తమ్మీ" అన్నాడు. ఇది కరెంటు కాదని, గాలి ఒత్తిడితో పుట్టే దెబ్బలు లోపలి దాకా పోతాయని, మానకుండా మొండికేసిన నరంలో వాటి వల్ల మానడం మళ్లీ మొదలవుతుందని ఆ అమ్మాయి ఓపికగా చెప్పింది. చాలామందికి పని చేస్తుంది, అందరికీ చేయదు, చేసినా కొన్ని నెలలు పడుతుంది అని కూడా చెప్పింది. వారానికోసారి రమ్మంది. మధ్యలో ఇంటి దగ్గర మెట్టు అంచున నిలబడి మడిమను మెల్లగా కిందికి దించి లేపే కసరత్తు నేర్పింది. బోర్డు మీద ‘మాయం’ అని రాసేవాళ్లు ఆ అమ్మాయి దగ్గర మాట్లాడటం నేర్చుకోవాలి.

తిరిగి వస్తుంటే బస్సులో లింగంపేట మనిషి ఒకడు ఎక్కి, ఎక్కడినుంచి రాక అని అడిగాడు. ఆయన తన మామూలు పెద్ద గొంతుతో చెప్పాడు.

"కామారెడ్డిల షాకులు పెట్టిచ్చుకుంటున్న. వారం వారం రమ్మన్నరు."

వేవ్ అన్న ముక్క ఆయన నోట నిలవలేదు. నేను పక్కనుంచి సరిదిద్దబోతే చెయ్యి ఊపేశాడు. మన దగ్గర షాక్ అంటే రెండే ఉన్నాయి. బావి దగ్గర స్టార్టరు డబ్బా కొట్టేది ఒకటి. అది వారం వారం రమ్మనదు. వారం వారం రమ్మనే షాక్ తలకు పెట్టేదేనని అందరికీ తెలుసు. మాట బస్సు దిగింది. లింగంపేటలో ఆయన్ని మంచానికి కట్టేశారు. కామారెడ్డిలో హైదరాబాదు పిచ్చాసుపత్రికి తీసుకుపోయారు. రాజంపేట చేరేసరికి ఆయన బట్టలు చింపుకుంటున్నాడు.

ఆ మాట ఇంకెక్కడికి పోయినా నష్టం లేదు. రాజంపేటకే పోకూడదు. ఆయన బిడ్డ కూతురు ఎల్లారెడ్డిలో బడిలో పాఠాలు చెప్పేది. రాజంపేటలో విత్తనాల దుకాణం నడిపే పిల్లవాడూ ఆ అమ్మాయీ ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఈయన నిలువునా ఎదురు తిరుగుతాడనుకుంటే, గొడుగు తీసుకుని వెళ్లి, ఆ ఇంట్లో మంచినీళ్లు అడిగి, సంతోషంగా తిరిగొచ్చాడు. నీళ్లు పిల్లవాడే తెచ్చాడట. రెండువైపులా మాట అయిపోయింది. నిశ్చితార్థానికి రోజు చూసుకోవడమే మిగిలింది.

ఒకరోజు నా దుకాణంలో కూర్చుని ఉండగా పిల్లవాడి తండ్రి ఫోన్ చేశాడు. ఈయనకు చెవి మందం, స్పీకరు పెట్టుకునేవాడు. నాకూ వినిపించింది.

"పెద్దమనిషీ, ముహూర్తాలు కుదుర్తలెవ్వు. కొన్నొద్దులు ఆగుదాం."

ఫోన్ మోకాలి మీద పెట్టుకున్నాడు. "నా మాటనే తమ్మీ" అన్నాడు. "ఒక్క అక్షరం గూడ మార్వలేదు."

నేను ఊరుకోలేదు. తిరిగి ఫోన్ చేసి, నరం అంటే ఏమిటో, ఒత్తిడి తరంగం అంటే ఏమిటో, కరెంటుకూ దానికీ తేడా ఏమిటో చెప్పడం మొదలుపెట్టాను. నేను ఎంత వివరంగా చెబితే అవతలివైపు అంత నిశ్శబ్దం పెరిగింది. ఆఖరికి పిల్లవాడి తండ్రి, ఇంత చెప్తున్నారంటే ఏదో ఉన్నట్టే కదా సారూ అని పెట్టేశాడు. నలభై ఏండ్లు చదివిన చదువంతా ఆ ఒక్క ఫోన్‌లో నీళ్లపాలైంది.

సాయంత్రం మనవరాలు వచ్చింది. బడిలో అప్పటికే తోటి టీచర్లు జాలిగా పలకరించారట. "వాళ్లు వస్తె రానీ తాతా, లేకుంటె మాననీ. నువ్వు మాత్రం ఇలాజ్ ఆపకు" అంది. అంది గానీ చేతిలోని ఫోన్ వైపు నాలుగుసార్లు చూసుకుంది. అది మోగలేదు. ఆయన ఆ చూపులన్నీ చూశాడు. కుంటుతూ బతకడం ఆయనకు కష్టం కాదు. చికిత్స మానేస్తే పుకారు దానంతటదే చల్లారుతుందేమో కూడా. కానీ మానేస్తే, చేయించుకున్నది నిజంగా పిచ్చికి చికిత్సే అని ఒప్పుకున్నట్టవుతుంది. ఎటూ దారి లేదనిపించింది నాకు.

మర్నాడు పొద్దున వచ్చి, కూర్చోకుండా నిలబడే చెప్పాడు. "చెప్తె నమ్మరు. సూస్తె నమ్ముతరు. జిందగంత మందికి చూపులు పెట్టిన. ఇప్పుడు నాకు పెట్టుకుంట." నా ముందే రాజంపేటకు ఫోన్ కలిపి, పెళ్లిచూపులకు పిలిచే మర్యాదతోనే పిలిచాడు. "మీరు, మీ అమ్మ, మీ అక్క రాండ్రి. కామారెడ్డి మీకూ దగ్గరనే. కండ్లార సూసుకోండ్రి. నచ్చకుంటె మళ్ల ముహూర్తం మీదనే ఏసుకుందాం."

వాళ్లు వచ్చారు. పిల్లవాడి నానమ్మ అంచు చీర కట్టుకుంది. మేనత్త తలలో పూలు పెట్టుకుని, పండ్ల సంచీతో సహా వచ్చింది. చూపులకు వట్టి చేతులతో పోకూడదు కదా. ఫిజియోథెరపీ అమ్మాయి ముందు బిత్తరపోయింది, తర్వాత నవ్వాపుకుని ముగ్గురికీ కుర్చీలు వేయించింది. ఈయన ఇస్త్రీ ధోవతి కట్టుకుని, కాలు కడుక్కొచ్చి మంచం మీద కూర్చుని, దాన్ని స్టూలు మీద చాపాడు. తల కొంచెం వంచుకున్నాడు. సిగ్గుపడుతున్న పెళ్లికూతురిలాగే ఉన్నాడు. పెళ్లిపెద్దగా నేను పక్కన నిలబడ్డాను.

"ఎన్నొద్దుల సంది?" అని మేనత్త అడిగింది. ఏడాది దాటిందన్నాను. రాత్రిళ్లు లేస్తాడా, ఒక్కడే మాట్లాడుకుంటాడా అని కూడా అడిగింది. మాట్లాడకుండా ఉండటం ఆయనకు చేతకాదు, అదే ఆయన పని అని నేను నవ్వించబోయాను. ఎవరూ నవ్వలేదు. ఈయన నావైపు ఉరిమి చూశాడు.

నానమ్మ నేరుగా ఆ అమ్మాయినే అడిగింది. "తలకాయకు ఎప్పుడు పెడ్తవు బిడ్డా?"

"తలకాయకు పెట్టరవ్వా. ఇది నరాలకే."

మిషన్ మొదలైంది. టకటక చప్పుడుకు మేనత్త కుర్చీ వెనక్కి జరిగింది. ఈయన పండ్లు బిగించి, ముఖం మీద నవ్వు చెదరకుండా కూర్చున్నాడు. నానమ్మ లేచింది. ఒక వేలు చాపి, జిగురు రాసిన ఆయన పిక్కకు ఆనించి చటుక్కున తీసేసింది. మళ్లీ ఆనించింది. ఈసారి తీయలేదు. కొడుకు వైపు తిరిగి, "కరెంటు లేదురా" అంది. ఆ గదిలో అందరూ ఒకేసారి ఊపిరి వదిలారు. కాసేపటికి ఆ ముసలావిడ తన చెప్పు విప్పి, తన మడిమ కూడా చూడమని ఆ అమ్మాయి ముందు చాపింది. అప్పుడు నవ్వారు అందరూ.

కిందికి దిగి చాయ్ తాగుతుంటే, వచ్చే నెలలోనే మంచి ముహూర్తం ఉందట అని పిల్లవాడి తండ్రి నేల చూపులు చూస్తూ చెప్పాడు. నానమ్మ మాత్రం మనసులో ఏదీ దాచుకునే మనిషి కాదు. ఈయన భుజం మీద చెయ్యి వేసింది.

"మడిమనే ఆయె, మంచిదాయె. తలకాయ అయ్యుంటె పిల్ల ఎంత బంగారమైనా ఇడ్సిపెడ్దుమనుకున్నం."

నేను నోరు తెరవబోయాను. ఈయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, వాళ్లకు నవ్వుతూ దండం పెట్టాడు.

బస్సులో నేను గెలిచిన పార్టీవాడిలా మాట్లాడుతూనే ఉన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు. లింగంపేట దాటాక అన్నాడు.

"మడిమ గాబట్టి బయటవడ్డం తమ్మీ. తలకాయనే అయ్యుంటె, పిల్ల ఏం తప్పు జేసినట్టు?"

ఆ మాట నేను ఆయనతో ఎన్ని ఏండ్లు వాదించానో. ఇప్పుడది ఆయన నోటినుంచే వచ్చింది. తర్వాత మెల్లగా ఒక సంగతి చెప్పాడు. నాగిరెడ్డిపేటలో ఒక పిల్ల ఉండేదట. మంచి సంబంధం దాదాపు కుదిరింది. ఆ పిల్ల అన్న పొలం గట్టు మీద నిలబడి తనలో తాను మాట్లాడుకుంటుంటే ఈయన చూశాడు. పిల్లవాడి ఇంటికి వెళ్లి, వేలు చెవి పక్కన తిప్పాడు. ఒక్క మాట కూడా అనలేదట. ఆ తర్వాత ఆ ఇంటికి ఎవరు బయలుదేరినా, ఆ తిప్పిన వేలు వాళ్లకంటే ముందు చేరేది. అన్న కొన్నేండ్లకు పోయాడు. పిల్ల పోచారం చెరువు నీళ్ల కింద వరి పండించుకుంటూ ఒక్కతే ఉండిపోయింది. ఇప్పుడు నడివయసు దాటింది.

ఎల్లారెడ్డిలో దిగేసరికి నాగిరెడ్డిపేట బస్సు కదలబోతోంది. ఆయన ఇంటివైపు తిరగలేదు. ఇవ్వాళ ఎక్కువ నడవొద్దన్నది కదా ఆ అమ్మాయి అని ఆపాను. ఇన్నేండ్ల తర్వాత పోయి ఏం చేస్తావని కూడా అడిగాను.

"ఎరుక లేదు. పోతున్న" అన్నాడు. కమ్మీ పట్టుకుని, నొప్పి కాలు ముందు వేసి బస్సెక్కాడు. ఆయన ఏ బస్సు ఎక్కబోతున్నాడో నాకు ముందుగా తెలిసింది అదొక్కసారే.

మర్నాడు పొద్దున నేను ట్యూబు ముంచుతుంటే వచ్చి తొట్టి పక్కన కూర్చున్నాడు. నేనే అడిగాను.

"కలిసినవా?"

"కలిసిన. నీ సంబంధం చెడగొట్టింది నేనే బిడ్డా అని జెప్పిన."

"ఏమన్నది?"

"నాకెరుకనే అన్నది. అప్పటిసందే ఎరుకనంట." గొడుగు ఒకసారి తీసి మళ్లీ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "పొద్దు వాలింది, అన్నం తినిపో అన్నది."

"తిన్నవా?"

"తిన్న తమ్మీ. పెట్టినంత తిన్న."